ఫార్మాట్ కొట్టే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. లాప్‌టాప్ ఆన్ చేస్తే కంపెనీ లోగో వస్తోంది, కింద చుక్కలు తిరుగుతున్నాయి, కాసేపటికి స్క్రీన్ నల్లబడి మళ్లీ మొదటికొస్తోంది అన్నావు. ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయని, ఫ్రెండ్స్ మాత్రం "ఫార్మాట్ కొట్టెయ్, గంటలో అయిపోతుంది" అంటున్నారని రాశావు.

ఫార్మాట్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టు. అలా చేస్తే కొత్త విండోస్ వస్తుంది, నీ ఫైళ్లు పోతాయి, అసలు ఎందుకు ఆగిందో మాత్రం తెలియదు. తప్పు డిస్కులోనే ఉంటే కొత్త విండోస్ కూడా కొన్నాళ్లకు అలాగే ఆగుతుంది. ముందు తెలుసుకోవాల్సింది అది ఎక్కడ ఆగుతోందన్నది. సేఫ్ మోడ్, రికవరీ లాంటి ప్రత్యేక స్టార్టప్ మోడ్‌లు ఉన్నది అందుకే. ఒక్కో మోడ్ కంప్యూటర్‌ని ఒక్కో ప్రశ్న అడుగుతుంది. వచ్చిన జవాబును బట్టి తర్వాతి అడుగు వేయాలి.

లోగో కనిపిస్తోందంటే స్క్రీన్, ప్రాసెసర్, ర్యామ్ చాలావరకు బాగానే ఉన్నట్టు. అసలు లైటే వెలగకపోతే ఏ మోడూ పనికిరాదు. అది కరెంటు సమస్యో బోర్డు సమస్యో అయ్యుంటుంది. నీది ఆ పరిస్థితి కాదు కాబట్టి సగం టెన్షన్ తగ్గించుకో. పెన్‌డ్రైవ్, ప్రింటర్, మౌస్, బయటి హార్డ్‌డిస్క్, ఏది తగిలించి ఉన్నా అన్నీ తీసెయ్. ఛార్జర్ కూడా తీసి, లాప్‌టాప్ ఆపేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకో. తర్వాత ఛార్జర్ మాత్రమే పెట్టి ఆన్ చేసి చూడు. చిన్న పనే అయినా దీన్ని వదిలేయకు.

అప్పటికీ రాకపోతే ముందు బయాస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే లాప్‌టాప్ సొంత సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్లు. ఆన్ చేసిన వెంటనే ఎఫ్2, డిలీట్, ఎస్కేప్, ఎఫ్10 లాంటి ఒక కీని వరసగా నొక్కుతూ ఉండాలి. కంపెనీని బట్టి కీ మారుతుంది. అక్కడ ఏమీ మార్చకు, ఒక్కటే చూడు: స్టోరేజీ లేదా బూట్ అని ఉన్న చోట నీ ఎస్‌ఎస్‌డీ (విండోస్, ఫైళ్లు ఉండే డిస్క్) పేరు కనిపిస్తోందా? కనిపించకపోతే విండోస్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. డిస్క్ గానీ దాని కనెక్షన్ గానీ పోయినట్టు, అక్కడితో ఆగి నాకు చెప్పు. కనిపిస్తే ముందుకు వెళ్లు. చాలామంది ఈ ఒక్క మెట్టు దాటేసి, లేని డిస్కు మీద విండోస్ బాగుచేయాలని గంటలు పోగొట్టుకుంటారు.

తర్వాతి మోడ్‌లోకి వెళ్లే ముందు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ దగ్గర పెట్టుకో. 48 అంకెలు ఉంటాయి. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రికవరీలోకి వెళ్లగానే ఆ కీ అడగవచ్చు. నీ ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, అందులో నీ లాప్‌టాప్ పేరు కింద రికవరీ కీ ఉందేమో చూడు. ఒకటి కన్నా ఎక్కువ కనిపిస్తే, లాప్‌టాప్ స్క్రీన్ మీద చూపించే కీ ఐడీతో సరిపోయేదే తీసుకో. కాలేజీ ఇచ్చిన అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే కీ ఆ అకౌంట్‌లోనో కాలేజీ ఐటీ వాళ్ల దగ్గరో ఉండొచ్చు. కాగితం మీద రాసుకో.

ఈ కీ గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయినప్పుడు వచ్చే ఎర్రర్ తెర) దగ్గర ఇరుక్కుపోయాయి. వాటిని బాగుచేసిన పద్ధతి చాలా చిన్నది: సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో వెళ్లి, ఆ తప్పు ఫైలు తీసేసి, రీస్టార్ట్ చేయడం. ఫార్మాట్ అక్కర్లేకపోయింది. పని నత్తనడక నడిచింది మాత్రం చాలాచోట్ల ఈ కీ వెతుక్కోవడం దగ్గరే.

ఇప్పుడు రికవరీ స్క్రీన్. పాత రోజుల్లో ఎఫ్8 నొక్కితే వచ్చేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మామూలుగా అది పనిచేయదు. ఇప్పుడు విండోస్ వరసగా రెండుసార్లు మొదలవ్వలేకపోతే తర్వాతిసారి తనే రికవరీకి వెళ్తుంది. నీ దాంట్లో అలా రాకపోతే, లోగో కింద చుక్కలు తిరుగుతున్నప్పుడు పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని ఆపెయ్. మళ్లీ ఆన్ చేసి మళ్లీ అలాగే ఆపు. మూడోసారి వదిలెయ్, "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని వస్తుంది. స్క్రీన్ మీద అప్‌డేట్ అవుతున్నట్టు శాతం అంకెలు కనిపిస్తే మాత్రం బటన్ ముట్టుకోవద్దు. గంట పట్టినా, రెండు గంటలు పట్టినా ఓపిక పట్టు.

అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ అని ఒకదాని తర్వాత ఒకటి నొక్కు. అంకెలతో ఒక జాబితా వస్తుంది. నాలుగు నొక్కితే సేఫ్ మోడ్, అయిదు నొక్కితే ఇంటర్నెట్‌తో కూడిన సేఫ్ మోడ్. నువ్వు నాలుగే నొక్కు.

సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరి అయిన డ్రైవర్లు (లాప్‌టాప్‌లోని భాగాలను నడిపించే చిన్న ప్రోగ్రామ్‌లు), సర్వీసులతోనే మొదలవుతుంది. ఇంట్లో ట్రిప్ అవుతుంటే ఎలక్ట్రీషియన్ అన్ని స్విచ్‌లూ ఆపేసి ఒక్కొక్కటే వేసి చూస్తాడే, అలాంటి పని ఇది. స్క్రీన్ నల్లగా, అక్షరాలు పెద్దగా, మూలల్లో సేఫ్ మోడ్ అని కనిపిస్తుంది. ఏదో పాడైందని కంగారుపడకు, అది అలాగే ఉంటుంది.

అది తెరుచుకుందంటే మంచి వార్త. విండోస్ మూలం బాగుంది, డిస్క్ చదవగలుగుతోంది, తప్పు తర్వాత వచ్చి చేరిన డ్రైవర్‌దో ప్రోగ్రామ్‌దో అయ్యుంటుంది. ఏ రిపేరూ మొదలుపెట్టకముందే ప్రాజెక్టు ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్. అది అయ్యాక ఆగిపోవడానికి ముందు రోజుల్లో ఏం మారిందో గుర్తు తెచ్చుకో. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయితే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్‌కి వెళ్లి రోల్ బ్యాక్ చెయ్, అంటే పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లు. కొత్త యాంటీవైరస్ గానీ గేమ్ గానీ వేసి ఉంటే తీసెయ్. కొన్ని ప్రోగ్రామ్‌లు సేఫ్ మోడ్‌లో అన్‌ఇన్‌స్టాల్ కావు, వాటిని స్టార్టప్‌లో రాకుండా ఆపితే చాలు. ఒక్కో మార్పు చేశాక రీస్టార్ట్ చేసి చూడు. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఎవరైనా ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల టూల్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టమంటే వద్దను. ఆ టిక్ తీసేదాకా ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే వెళ్తుంది. లాగిన్ కూడా కుదరకపోతే రెండు సమస్యలవుతాయి.

సేఫ్ మోడ్ కూడా రాకపోతే అదీ ఒక జవాబే. తప్పు ఇంకా లోపల, సిస్టమ్ ఫైళ్లలోనో డిస్కులోనో ఉన్నట్టు. మళ్లీ అదే జాబితాకు వెళ్లి తొమ్మిది నొక్కు. ఎర్రర్ స్క్రీన్ వచ్చినప్పుడు దానంతట అదే రీస్టార్ట్ కాకుండా ఆగుతుంది. అప్పుడు కనిపించే స్టాప్ కోడ్ (విండోస్ ఎందుకు ఆగిందో చెప్పే గుర్తు) ఫోన్‌తో ఫొటో తీసి పంపు. ఇంతసేపు నీకు కనిపించకుండా పోతున్నది ఆ కోడే కావచ్చు.

తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ముందు స్టార్టప్ రిపేర్, కుదరకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, ఆ తర్వాత సిస్టమ్ రిస్టోర్, ఈ వరసలో వెళ్లు. సిస్టమ్ రిస్టోర్ విండోస్‌ను ఒక పాత తేదీ నాటి స్థితికి తీసుకెళ్తుంది; నీ ఫైళ్లను ముట్టుకోదు, ఆ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రామ్‌లు, డ్రైవర్లు మాత్రం పోతాయి.

సేఫ్ మోడ్ రాకపోయినా ఫైళ్లు బయటికి తీసే దారి ఒకటుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టు. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే డిస్కులో ఉన్నవన్నీ కనిపిస్తాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చెయ్. అక్కడ సీ డ్రైవ్ అనుకున్నది డీ అని కనిపించొచ్చు, లోపల నీ పేరుతో ఉన్న ఫోల్డర్ చూసి పోల్చుకో. చెక్‌డిస్క్ (డిస్కులో తప్పులు వెతికి సరిచేసేది) లాంటి కమాండ్లు కాపీ అయ్యాకే. పోతున్న డిస్కు మీద చెక్‌డిస్క్ నడిపితే మిగిలిందీ పోవచ్చు. కాపీ మధ్యలో పదేపదే ఆగిపోతుంటే బలవంతం చేయకు. డేటా రికవరీ చేసేవాళ్ల చేతికి ఇవ్వడమే మేలు.

తమ్ముడి మాక్ గురించి కూడా అడిగావు. ఇంటెల్ మాక్ అయితే ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ పట్టుకుంటే సేఫ్ మోడ్, కమాండ్‌తో ఆర్ పట్టుకుంటే రికవరీ. ఎం1, ఆ తర్వాతి యాపిల్ చిప్ ఉన్నవాటిలో స్టార్టప్ ఆప్షన్స్ కనిపించేదాకా పవర్ బటనే పట్టుకోవాలి. అక్కడ డిస్క్ ఎంచుకుని, షిఫ్ట్ పట్టుకుని, కంటిన్యూ ఇన్ సేఫ్ మోడ్ నొక్కాలి. మొదటిసారి డిస్క్ సరిచూసుకుంటుంది కాబట్టి నెమ్మదిగా లేస్తుంది, మధ్యలో ఆపొద్దని వాడికి చెప్పు.

రీసెట్ దిస్ పీసీ అన్నది నీకు కనిపిస్తూనే ఉంటుంది. కీప్ మై ఫైల్స్ అని ఉన్నా ప్రోగ్రామ్‌లన్నీ పోతాయి, కాబట్టి పెన్‌డ్రైవ్‌లో నీ ఫైళ్లు తెరుచుకుంటున్నాయని చూసుకునేదాకా దాని జోలికి వెళ్లకు.

ఈ రాత్రికి మూడు సంగతులు చూసి చెప్పు: బయాస్‌లో డిస్క్ పేరు కనిపించిందా, సేఫ్ మోడ్ తెరుచుకుందా, స్టాప్ కోడ్ ఏముంది. ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న