బంధువుల గ్రూపులో ఫార్వర్డులు ఎంతవరకు?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి ఈమధ్యే వాట్సాప్ నేర్పించాడు. రోజూ తెల్లవారుజామున బంధువుల గ్రూపులో శుభోదయం బొమ్మలు, ఆరోగ్య చిట్కాలు పంపుతున్నాను. మొన్న మా మేనకోడలు ‘మామయ్యా, కాస్త తగ్గించండి’ అని రాసింది. ఇందులో నా తప్పేమిటి?

జవాబు: పలకరించడం తప్పు కాదండీ. అయితే నలభై మంది ఉన్న గ్రూపులో మీరు పంపిన బొమ్మ నలభై ఫోన్లకూ చేరుతుందని, రాత్రి డ్యూటీ ముగించుకుని అప్పుడే నిద్రలోకి జారుకున్నవారు కూడా వారిలో ఉండవచ్చని గమనించాలి. అంతకన్నా ఇబ్బందికరం, ఎవరో తండ్రి పోయారని రాసిన కబురు కిందనే నవ్వుతున్న గులాబీ బొమ్మ పడటం. పంపేముందు పైన ఏముందో ఒకసారి చదవండి.

చిట్కాల విషయంలో మాత్రం కఠినంగానే చెబుతాను. సందేశంపై రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. అటువంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ 2020లోనే పరిమితి విధించింది. షుగరు మాత్రలు మానేసి ఫలానా కషాయం తాగమనే సందేశాన్ని మాస్టారు పంపారు కదా అని ఎవరైనా పాటిస్తే ఆ భారం మీదే అవుతుంది.

పొరపాటున పంపినదాన్ని వేలితో నొక్కిపట్టి, సుమారు రెండు రోజుల్లోపు అందరి ఫోన్లలోనూ తొలగించవచ్చు. మేనకోడలిపై నొచ్చుకోకండి, ఆమె యోగక్షేమాలను గ్రూపులో కాకుండా విడిగా, మీ సొంత మాటల్లో అడగండి.