గడియారం సెంటర్‌లో ఎనిమిదిన్నర

(పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి జవాబులు)

ప్రశ్న: గడియారం సెంటర్ దగ్గర టిఫిన్ బండి నడుపుతున్నాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు మైకులో జనగణమన వస్తుంది. మాకు గిరాకీ వేళ కూడా అదే. పెనం మీద దోసె ఉంటుంది, చేతిలో గరిటె ఉంటుంది. పని చేసుకుంటూ ఉంటే తప్పా? మొన్న మా బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయనను, లేచి నిలబడలేదని ఒక కుర్రవాడు అందరి ముందూ గద్దించాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. నా మనసు చివుక్కుమంది. ఎవరిది ఒప్పు?
– ఒక సోదరి, నల్లగొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన మర్నాడు ఉదయం నేనూ వెళ్లి గడియారం సెంటర్‌లో నిలబడ్డాను. మీ బండి ఏదో వెతకలేదు, జనాన్ని చూశాను. పాట మొదలవగానే ఒక ఆటో డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. పూలమ్మే ఆమె సగం అల్లిన దండను ఒడిలో పెట్టుకుని లేచింది. దారం కొస మాత్రం పళ్ల మధ్యే ఉంది. పాట అయ్యేదాకా ఆమె అలాగే నిలబడింది. అంతకు మించిన మర్యాద నాకు తెలియదు.

2021 జనవరి 23న, నేతాజీ జయంతి నాడు, మన పట్టణంలో 12 కూడళ్లలో ఈ అలవాటు మొదలైంది. మొదట్లో, రోడ్డు మీద, పనుల మధ్య ఈ పాట ఎందుకని నాకూ అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. పంద్రాగస్టుకూ ఛబ్బీస్ జనవరికీ మాత్రమే గుర్తొచ్చే పాట, పాలు పోసేవాడికీ కూరగాయల ఆమెకూ రోజూ వినబడుతోంది.

ఇక మీ దోసె సంగతి. పాట మొదలవగానే స్టవ్ మంట తగ్గించండి, గరిటె పక్కన పెట్టి నిటారుగా నిలబడండి. పాట మొత్తం సుమారు 52 సెకన్లు. సన్న మంట మీద దోసె అంతలో మాడిపోదు. కాగే నూనెలో వడలుంటే ముందు వాటిని తీసేయండి, ఆ తర్వాతే నిలబడండి. చెయ్యి కాల్చుకోమని ఏ దేశమూ అడగదు. చేతులు రెండూ పక్కలకు ఉంటే చాలు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవడం మన పద్ధతి కాదు, సెల్యూట్ కొట్టడం సామాన్యులకు అవసరం లేదు. నోట వస్తే పాడండి, రాకపోతే మౌనంగా ఉండండి.

పెద్దాయన విషయంలో తప్పు ఆ కుర్రవాడిదే. జాతీయ గీతం వినిపించినప్పుడు లేచి నిలబడాలని కేంద్ర హోం శాఖ ఉత్తర్వులు చెబుతున్న మాట నిజమే. నిలబడగలిగినవాళ్లు నిలబడి తీరాలనే నేనూ అంటాను. అయితే 1971లో వచ్చిన చట్టం శిక్ష పెట్టింది వేరే పనికి. కావాలని గీతాన్ని పాడనివ్వకుండా అడ్డుకున్నా, పాడుతున్న సభలో అలజడి రేపినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మోకాళ్లు సహకరించక కూర్చున్న మనిషి అందులో ఎక్కడా లేడు. ఆ కుర్రవాడు పాట నడుస్తుండగానే అరిచి ఉంటే, ఆ 52 సెకన్ల నిశ్శబ్దాన్ని చెడగొట్టింది అతనే.

కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం కారణంగా గీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. వాళ్లు రోజూ లేచి నిలబడేవారు, పాడేవారు కాదు, అంతే. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన నిలిచింది. గౌరవంగా నిలబడినప్పుడు, పాడకపోవడం అవమానం కాదంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి మన తెలుగువారే. సహనం మన సంప్రదాయమని, దాన్ని పలుచన చేసుకోవద్దని ఆయన రాసిన మాటలు నేను పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి.

ఆ కుర్రవాడు మళ్లీ కనిపిస్తే, పాట అయ్యాక, ‘బాబూ, తాతకు మోకాళ్లు బాగాలేవు’ అని మెల్లగా చెప్పండి. అతని మనసులో ఉన్నది కూడా దేశం మీద ప్రేమే. దాన్ని ఎలా చూపించాలో పెద్దవాళ్లం మనం నేర్పలేదు.

ప్రశ్న: సినిమా హాల్లో జాతీయ గీతం తప్పనిసరా? కథలో భాగంగా వస్తే నిలబడాలా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: 2016 నవంబరులో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది, 2018 జనవరిలో ఆ మాట సడలించి హాలు వాళ్ల ఇష్టానికి వదిలింది. సినిమాకు ముందు వేస్తే నిలబడాలి. కథలో భాగంగా వస్తే అక్కర్లేదు.

ప్రశ్న: మా పిల్లలు రోజూ గీతం పాడతారు. అర్థం మాత్రం ఒక్కరికీ తెలియదు. ఎలా నేర్పాలి?
– ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: టీచరమ్మా, మీరు అడిగిన ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాను.

నేను పనిచేసిన ఒక బడిలో ఏడో తరగతి పిల్లవాణ్ణి, ‘తవ శుభ ఆశిష మాగే’ అంటే ఏమిట్రా అని అడిగాను. ‘మామిడికాయలు మాగడం సార్’ అన్నాడు. వాడిని నేను తప్పు పట్టలేదు. తెలుగు చెవికి మాగే అంటే పండు మాగడమే, జాగే అంటే జాగు చేయడమే. ఠాగూరు రాసింది సంస్కృతం నిండిన బెంగాలీ. అందులో జాగే అంటే మేల్కొంటాయి, మాగే అంటే కోరుకుంటాయి, గాహే అంటే పాడతాయి. ఈ మూడు మాటలు బోర్డు మీద రాయండి. అక్కడి నుంచి పాట దానంతట అదే విప్పుకుంటుంది. పంజాబు నుంచి వంగ దాకా అన్ని సీమలూ, వింధ్య హిమాలయాలూ, యమునా గంగలూ, ఎగసే సముద్రపు కెరటాలూ నీ పేరు వింటూ మేలుకుంటాయి, నీ ఆశీస్సు కోరతాయి, నీ జయగాథ పాడతాయి. ఆ ‘నీవు’ ఎవరని తప్పకుండా అడుగుతారు. దేశ భాగ్యాన్ని నడిపించేవాడని చెప్పండి. బ్రిటిష్ రాజు గురించి రాశారన్న మాటను ఠాగూరే 1937లో ఖండించారు.

రెండు ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. ‘సింధు ఇప్పుడు మన దేశంలో లేదు కదా?’ అంటారు. ఈ గీతాన్ని మొదటిసారి పాడింది 1911 డిసెంబరు 27న, కలకత్తా కాంగ్రెస్ సభలో. దేశం అప్పటికి రెండు కాలేదు. ఆ మాట తీసేయాలని వేసిన పిటిషన్‌ను 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండోది, ‘తెలంగాణ ఎక్కడుంది?’ ద్రావిడ అన్న మాటలో మనమూ ఉన్నాం, దక్షిణాది అంతా ఉంది. ఇంకా కావాలంటే, ప్రార్థనలో చదివే ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషి అని చెప్పండి. విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా 1962లో రాశారు. ఈ ఒక్క మాటకు మా పిల్లల వెన్నులు నిటారుగా లేవడం నేను కళ్లారా చూశాను.

రోజుకొక వరుస చాలు. వారం పోయాక, వెనక బెంచీలో కూర్చునే పిల్లవాణ్ణి మాగే అంటే ఏమిటో అడగండి. వాడు ఏం చెప్పాడో నాకు రాయండి.