ప్రోనోటు బాకీల లింకన్

చిరంజీవికి,

లింకన్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగుంది. చిక్కల్లా ఒకటే, మొదటి పేరాలోనే ఆయన్ని మహాపురుషుణ్ని చేసి కూర్చోబెట్టావు. దాంతో 1834లో పాతికేళ్లకే అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర ప్రతినిధుల సభకు వెళ్లిన కుర్రాడికి తప్పు చేసే వీలే లేకుండా పోయింది.

ముందు మాటల సంగతి. శాసనసభ్యుడు అనగానే మన పాఠకుడికి ఎమ్మెల్యే, గన్‌మన్, కారు గుర్తొస్తాయి. అప్పటి రాష్ట్ర రాజధాని వాండేలియాలో సభ చలికాలంలో కొన్నాళ్లు నడిచేది, దొరికేది రోజు భత్యం. తక్కిన ఏడాదంతా పొట్టపోసుకోడానికి వేరే పని కావాలి. అందుకే సర్వే గొలుసు పట్టాడు, పోస్టుమాస్టరుగా చేశాడు, చివరికి ప్లీడరయ్యాడు. ఈ ముక్క ముందే చెబితే సభా కోర్టూ ఎందుకు పెనవేసుకున్నాయో మళ్లీ వివరించనక్కర్లేదు. ‘కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు’ అన్న వాక్యం కొట్టెయ్. మనకు కాంగ్రెస్ అంటే పార్టీ. అమెరికా ప్రతినిధుల సభ అని రాయి, అదీ 1847 నుంచి 49 దాకా ఒక్క దఫాయే.

తర్వాత ఒక కాగితం మీద రెండు గళ్లు గీసి, ఎడమవైపు సభ తేదీలూ కుడివైపు కోర్టు తేదీలూ వేసుకో. 1832 రాష్ట్ర సభ ఎన్నికలో ఓటమి: 13 మందిలో ఎనిమిదోవాడు, అయినా సొంతూరు న్యూసేలంలో 300 ఓట్లకు 277 ఆయనవే. 1836 సెప్టెంబరులో ప్లీడరు లైసెన్సు. 1837 ఫిబ్రవరి 28న రాజధానిని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు మార్చే ఓటు. ఏప్రిల్లో అదే ఊళ్లో జాన్ స్టూవర్ట్‌తో కలిసి ప్లీడరీ. రాజధాని వెంట రాష్ట్ర సుప్రీంకోర్టూ వస్తుంది, ప్లీడరుకు అది చిన్న సంగతి కాదు. అయితే స్వార్థమని తీర్పు రాయకు, తేదీలు పక్కపక్కన పెట్టి ఊరుకో. ఆ ఓటుకు ముందురోజే కాలువలకూ రైలుమార్గాలకూ సుమారు కోటి డాలర్ల చట్టం ఖరారైంది. లింకన్ బృందం దానికి ఓట్లిచ్చి రాజధాని కొనుక్కుందంటారు, కాదనే చరిత్రకారులూ ఉన్నారు. ఇద్దరి మాటా రాయి. ఆ ఏడాదే మాంద్యం వచ్చి రాష్ట్రం అప్పుల్లో కూరుకుపోయిన సంగతి మాత్రం వదలకు, ఆ చట్టానికి ఆయనా ఓటేశాడు.

1840 డిసెంబరులో కోరం చెడగొట్టాలని సభ కిటికీలోంచి దూకడం సరదాగా రాశావు. సగమే రాశావు. స్టేట్ బ్యాంకును కాపాడటానికి దూకాడు, కానీ కోరానికి సరిపడా హాజరు అప్పటికే నమోదైపోయింది. దూకింది దండగ.

ఇక కోర్టు. అందరిలాగే నువ్వూ 1858 నాటి పంచాంగం కేసుతో, అదే పంచాంగం చూపించి సాక్షిని పడగొట్టిన హత్య కేసుతో మొదలుపెట్టావు, పైగా ఆ రాత్రి వెన్నెలే లేదన్నావు. తప్పు. 1857 ఆగస్టు 29 రాత్రి చంద్రుడున్నాడు. నడినెత్తి వెన్నెల్లో చూశానని సాక్షి అన్న వేళకు పడమట కిందికి దిగిపోయి ఉన్నాడు. సాక్షిని పడగొట్టింది ఆ తేడాయే.

ఆయన చూసిన కేసులు 5,000 పైచిలుకు. వాటిలో పెద్ద భాగం బాకీ వసూళ్లు, చాలావాటికి ఫీజు ఐదో పదో డాలర్లు. విసుగని దాటేయకు. 1841లో బెయిలీ–క్రామ్వెల్ కేసు చూడు, అదీ ప్రోనోటు దావాయే. నాన్స్ అనే నల్లజాతి యువతిని అమ్మినందుకు రాయించుకున్న నోటు. డబ్బు కట్టనన్న బెయిలీ తరఫున లింకన్ వాదించాడు. ఇల్లినాయ్‌లో మనిషిని స్వతంత్రుడిగానే ఎంచాలి, బానిస అని రుజువు లేనప్పుడు అమ్మకమే చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. దాని పక్కనే 1847 మాట్సన్ కేసు పెట్టు. జేన్ బ్రయంట్‌నూ పిల్లల్నీ తిరిగి బానిసత్వంలోకి తీసుకుపోవాలన్న యజమాని మాట్సన్ తరఫున నిలబడిందీ ఈ లింకనే. ఓడిపోయాడు, వాళ్లు విడుదలయ్యారు. నీ వ్యాసంలో ఈ కేసు ఊసే లేదు. క్షమాపణ చెప్పనక్కర్లేదు, వకాల్తా ఎవరిదో చెబితే చాలు. ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వేకు పన్ను కేసు గెలిపించి, 5,000 డాలర్ల ఫీజు కోసం 1857లో ఆ కంపెనీ మీదే దావా వేసి గెలవడం రెండు వాక్యాల్లో సరిపోతుంది.

ముగింపుకు 1854 తీసుకో. మళ్లీ రాష్ట్ర సభకు గెలిచాడు. కానీ అప్పట్లో అమెరికా సెనేటరును ఎన్నుకునేది రాష్ట్ర శాసనసభే, ఆ పదవికి నిలబడాలని గెలిచిన సీటు వదులుకున్నాడు. ఆ ఖాళీలో అవతలి పార్టీ గెలిచింది, 1855లో సెనేటు సీటు లైమన్ ట్రంబుల్ అనే మరో అభ్యర్థికి పోయింది. అక్కడ ఆపు.

తిరగరాసి పంపు. మాట్సన్ ఏ పేరాలో ఉన్నాడో ముందు అదే చూస్తాను.