‘శుక్రవారం అర్ధరాత్రి’ అంటే ఏ రాత్రి?

సందేహం: ఆర్యా, నేను ఒక సినిమా హాలులో ప్రకటనల పని చూస్తుంటాను. కొత్త చిత్రానికి మిడ్‌నైట్ షో వేస్తున్నామని తెలుపుతూ ‘15వ తేదీ శుక్రవారం అర్ధరాత్రి 12 గంటలకు’ అని పోస్టర్ మీద రాయించాను. మా లెక్క ప్రకారం గురువారం రాత్రి రెండో ఆట ముగిశాక ఈ ఆట మొదలుపెట్టాము. సగం సీట్లే నిండాయి. మరునాటి రాత్రి పదకొండున్నరకు మిగతావారు టికెట్లు చేతపట్టుకుని వచ్చారు. తప్పు మాదా, వారిదా? ఇటువంటి సంగతిని తెలుగులో తికమక లేకుండా ఎలా రాయాలి?

సమాధానం: వచ్చినవారిది తప్పు కాదు. తెలుగు మాట్లాడేవారు ఆ మాటను ఎలా అర్థం చేసుకుంటారో అలాగే అర్థం చేసుకున్నారు. మీరు క్యాలెండరును బట్టి లెక్క వేశారు కనుక మీ లెక్కలోనూ దోషం లేదు. కానీ పోస్టర్ చదివేవారు మొదట భాషను చదువుతారు, క్యాలెండరును తరువాతనే తలచుకుంటారు. అందుచేత రెండు లెక్కలూ ఎక్కడ విడిపోతాయో ప్రకటన రాసేవారికి తెలిసి ఉండాలి.

తెలుగువాడి వాడుకలో రోజు తెల్లవారడంతో మొదలవుతుంది. రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే, తెల్లవారాక దాని గురించి చెప్పేటప్పుడు ‘నిన్న రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది’ అంటామే గాని ‘ఈ రోజు రెండింటికి’ అనము. క్యాలెండరు ప్రకారం ఆ రెండు గంటలు ఈనాటివే అయినా, మాటలో అవి నిన్నటి రాత్రికే చెందుతాయి. ‘రేపు’ అనే మాటను చూడండి. దానికి పాత అర్థం ఉదయం, ప్రాతఃకాలం. ‘రేపకడ’ అంటే వేకువ. ‘రేపుమాపులు’ అంటే ఉదయసాయంత్రాలు. తెల్లవారే వేళను చెప్పే మాటే మరునాటికి పేరయింది. అంటే మన భాషలో మరునాడు పన్నెండు కొట్టగానే రాదు, తూరుపు తెల్లబడినప్పుడే వస్తుంది. ‘శుక్రవారం ఉదయం, శుక్రవారం మధ్యాహ్నం, శుక్రవారం సాయంత్రం, శుక్రవారం రాత్రి’ అనే వరుసలో రాత్రి చివరిది. అర్ధరాత్రి ఆ రాత్రి నడిమి భాగం. కాబట్టి ‘శుక్రవారం అర్ధరాత్రి’ అనగానే శుక్రవారపు పగలు గడిచాక వచ్చే రాత్రి మనసులోకి రావడం సహజం. ఆ టికెట్లు కొన్నవారికి తోచినది అదే.

గడియారం లెక్క వేరు. పౌర వ్యవహారంలో తేదీ రాత్రి 12 గంటలకు మారుతుంది, కనుక ప్రతి రాత్రీ రెండు తేదీల మధ్య చీలిపోతుంది. ఈ చీలిక ఖగోళశాస్త్రజ్ఞులకు ఎంత ఇబ్బందిగా తోచిందంటే, వారు చాలాకాలం తమ రోజును మధ్యాహ్నం 12 నుంచి మరునాటి మధ్యాహ్నం 12 వరకు లెక్కించుకున్నారు. ఒక రాత్రి చూసిన నక్షత్రాలన్నిటికీ ఒకే తేదీ ఉండాలన్నదే వారి ఉద్దేశం. 1925 జనవరి 1 నుంచి వారి పంచాంగాలలో కూడా రోజు అర్ధరాత్రి నుంచే మొదలయింది. అయితే రోజులను వరుసగా లెక్కపెట్టడానికి వారు వాడే జూలియన్ దినసంఖ్య ఇప్పటికీ మధ్యాహ్నం దగ్గరే మారుతుంది.

మనందరికీ తెలిసిన ఉదాహరణ మరొకటి ఉంది. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చిన వేళను ‘1947 ఆగస్టు 14 అర్ధరాత్రి’ అని కొందరు, ‘ఆగస్టు 15 అర్ధరాత్రి’ అని కొందరు రాస్తుంటారు. ఆనాడు 14వ తేదీ గురువారం, 15వ తేదీ శుక్రవారం. మీ పోస్టర్ మీది వారాలూ తేదీలూ అవే. రెండు విధాలుగా రాసేవారూ ఒకే క్షణాన్ని చెబుతున్నారు. చరిత్ర తెలిసినది కాబట్టి ఎవరూ తికమకపడరు. మీ ఆటకు ఆ వెసులుబాటు లేదు. పోస్టర్ చూసినవారికి ఆ పోస్టర్ తప్ప వేరే ఆధారం ఉండదు.

ఇంకొక చిక్కు ‘అర్ధరాత్రి’ అనే మాటలోనే ఉంది. ‘అర్ధరాత్రి ఎవరో తలుపు తట్టారు’ అన్నప్పుడు సరిగ్గా పన్నెండు గంటలని ఎవరూ అనుకోరు. ‘అర్ధరాత్రి అపరాత్రి అనకుండా తిరుగుతున్నాడు’ అన్నప్పుడు వేళ కాని వేళ అనే భావమే గాని గడియారపు ముల్లు గుర్తుకు రాదు. అది ఒక క్షణం పేరు కాదు, రాత్రిలో లోతైన ఒక భాగం పేరు. తేదీ మారే గీతకు ఇటూ అటూ పరుచుకుని ఉన్న మాటకు ఒక్క వారాన్ని తగిలిస్తే, అది గీతకు ఏ వైపు నిలిచిందో చెప్పలేదు. ‘నడిరేయి’, ‘నిశీథం’ వంటి మాటలకు కూడా ఇదే లక్షణం ఉంది కనుక పదం మార్చినందువల్ల ప్రయోజనం లేదు.

కొందరు ‘12 ఏ.ఎం.’ అని రాసి సమస్య తీరిందనుకుంటారు. ఏ.ఎం., పి.ఎం. అనేవి లాటిన్ మాటల పొడి అక్షరాలు. మొదటిదానికి మధ్యాహ్నానికి ముందు అని, రెండవదానికి మధ్యాహ్నం తరువాత అని అర్థం. మన పూర్వాహ్ణం, అపరాహ్ణం వాటికి దగ్గరి మాటలు. రాత్రి 12 అనే వేళ, గడిచిపోయిన మధ్యాహ్నానికి ఎంత తరువాత ఉందో రాబోయే మధ్యాహ్నానికి అంతే ముందు ఉంది. కాబట్టి ధాతువును బట్టి చూస్తే దానికి రెండూ చెల్లుతాయి. గడియారాల వాడుకలో 12 ఏ.ఎం. రాత్రికి స్థిరపడిన మాట నిజమే గాని, దానిని పగలనుకునేవారు నేటికీ ఉన్నారు. ఇరవై నాలుగు గంటల పద్ధతిలో 00:00 అంటే ఆ తేదీ ఆరంభం, 24:00 అంటే ఆ తేదీ ముగింపు. తేదీలను రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601లో ఈ 24:00ను 2019 కూర్పులో తీసివేసి, 2022 సవరణలో మళ్ళీ చేర్చారు. ప్రమాణాలు రాసేవారే ఇంత ఆలోచించవలసి వచ్చిన గుర్తును పోస్టర్ చూసేవారి మీద వదిలేయడం న్యాయం కాదు.

మరి ఎలా రాయాలి? మన భాషలో దీనికి చక్కని పలుకుబడి ముందే ఉంది. ‘తెల్లవారితే పెళ్ళి, ఇప్పటికీ పనులు కాలేదు’ అంటాము. ఇక్కడ ‘తెల్లవారితే’ అన్నది షరతును చెప్పదు, రాబోయే కాలాన్ని చెబుతుంది. ఆ ఒక్క మాట రాత్రికి ముందున్న రోజునూ వెనుక వచ్చే రోజునూ కలిపి చూపుతుంది. కనుక మీ ప్రకటన ఇలా ఉండవలసింది: ‘14వ తేదీ గురువారం రాత్రి 12 గంటలకు (తెల్లవారితే 15వ తేదీ శుక్రవారం)’. దీనిని రెండు విధాలుగా చదవడం ఎవరికీ సాధ్యం కాదు. వారాన్ని నమ్ముకున్నవారికి గురువారం రాత్రి కనబడుతుంది, తేదీని పట్టుకున్నవారికి ఆ రాత్రి 15లోకి జారుతుందని తెలుస్తుంది. ‘గురువారం, శుక్రవారాల నడిమి రాత్రి’ అన్నా భావం సరిపోతుంది గాని, వచ్చేవారు బయలుదేరవలసిన రోజు ఏదో ‘గురువారం రాత్రి’ అన్నంత సూటిగా అది చెప్పదు. ప్రకటనలో ప్రధానమైనది మనిషి ఏ రోజు తయారై బయలుదేరాలన్నదే. క్యాలెండరు పేరు రెండవది.

ఆటను కాస్త ముందుకో వెనక్కో జరపగలిగితే మరీ మంచిది. ‘గురువారం రాత్రి 11.59కి’ అంటే గురువారమనే అర్థం నిలుస్తుంది. చివరి గడువులు చెప్పేవారు ‘14వ తేదీ అర్ధరాత్రి వరకు’ అనకుండా ‘14వ తేదీ రాత్రి 11.59 వరకు’ అని రాయడానికి కారణం ఇదే. 12.30 వంటి వేళ అయితే మాత్రం ‘తెల్లవారితే’ అనే వివరణ తప్పనిసరి. ఆ వేళను ‘తెల్లవారుజామున 12.30కి’ అని రాయడం కొన్ని చోట్ల కనబడుతోంది, అది నాకు సమ్మతం కాదు. జాము అంటే మూడు గంటలు, తెల్లవారుజాము రాత్రి చివరి జాము. ఒంటిగంటను ఆ జాములో చేర్చడం మాటను చెడగొట్టడమే. ‘ఉదయం 1 గంట’ అంతకంటే అన్యాయం. ‘రాత్రి ఒంటిగంట’ అనే నిక్కమైన తెలుగు ఉండగా ఈ తిప్పలెందుకు?

జపాన్‌లో టీవీ కార్యక్రమాల పట్టికల్లో రాత్రి ఒంటిగంటను ‘25 గంటలు’ అని రాసే అలవాటు ఉంది. గురువారం 25 గంటలు అంటే గురువారం రాత్రి పొడవునా సాగి క్యాలెండరు శుక్రవారంలోకి వెళ్ళిన వేళ. ‘నిన్న రాత్రి రెండింటికి’ అని మనం అనడంలో ఉన్న బుద్ధే అక్కడ అంకెల రూపం దాల్చింది. దానిని మన పోస్టర్లకు తెచ్చుకోమని చెప్పను, ఎవరికీ అర్థం కాదు.

‘నేటి అర్ధరాత్రి’, ‘రేపు అర్ధరాత్రి’ అనే మాటలను పోస్టర్ మీద వాడకండి. పోస్టర్ అంటించిన నాటికీ చూసిన నాటికీ మధ్య ‘నేడు’ మారిపోతుంది. ‘ధ’కు బదులు ‘థ’ పెట్టి ‘అర్థరాత్రి’ అని రాయించకండి. సగం అనే అర్థమున్నది ‘అర్ధ’. ‘అర్థ’ అంటే భావం, ధనం.

టికెట్ విషయం మరవకండి. బుకింగ్ యంత్రం ఆ ఆటకు 15వ తేదీనే ముద్రిస్తుంది, దానిని మార్చడం మీ చేతిలో ఉండకపోవచ్చు. పోస్టర్ మీద గురువారమనీ టికెట్ మీద 15 అనీ ఉంటే కొత్త తికమక పుడుతుంది. కాబట్టి ‘మీ టికెట్ మీద 15వ తేదీ అని ఉంటుంది, దయచేసి 14వ తేదీ గురువారం రాత్రి 11.30కే రండి’ అనే వాక్యం పోస్టర్ మీద, టికెట్ అమ్మే కిటికీ దగ్గర, ఫోనుకు వెళ్ళే సందేశంలో ఒకే మాటలతో ఉండాలి. వారం వారం వేసే ఆట అయితే ‘ప్రతి గురువారం రాత్రి, సెకండ్ షో అయిపోయాక’ అని రాయించండి. సెకండ్ షో కూడా తరచు పన్నెండు దాటాకే ముగుస్తుంది, అయినా అది ఏ రోజుదని అడిగినవారు ఎవరూ లేరు.