తప్పు ఒప్పుకోవడానికి రోజులు తీసుకునే భర్తతో ఎలా వేగాలి?

మీరు అడిగింది ఇదీ: మీవారు తడి టవలు మంచం మీదే పడేస్తారు. మీ ఛార్జరు తీసుకెళ్లి ఎక్కడో వదిలేస్తారు. ఆలస్యమవుతుందని తెలిసినా ఫోన్ చేయరు. అడిగితే "ఇంత చిన్న విషయానికా?" అంటారు, ఆ తర్వాత ఇంట్లో మాటలుండవు. రెండు మూడు రోజులు గడిచాక సారీ చెబుతారు గానీ అప్పటికే మీ మనసు విరిగిపోయి ఉంటుంది. "నేనే గోరంతను కొండంత చేస్తున్నానా? అంత ఆలస్యంగా వచ్చిన సారీని ఏం చేసుకోను?" అని అడిగారు.

మొదటిదానికి జవాబు సూటిగా చెప్పేస్తాను. మీరు గోరంతను కొండంత చేయడం లేదు. రెండోదానికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో ఇదే గొడవ ఏళ్ల తరబడి నడిచింది.

మా ఆయన మనసు మంచిది. నాకు ఒంట్లో బాగోలేకపోతే రాత్రంతా మేలుకుని కూర్చునే మనిషి. కానీ తను చేసే పని పక్కవాళ్ల మీద ఎలా పడుతుందో అప్పటికప్పుడు తట్టదు. మాకు ఒకటే బండి ఉన్న రోజులవి. రాత్రి ఆయన వాడేవారు, పొద్దున నేను తీసుకెళ్లేదాన్ని. పెట్రోలు ముల్లు ఎర్రగీత దాటిపోయినా అలాగే తెచ్చి స్టాండు వేసేసేవారు. పోయించకపోతే పోనీ, లేదని ఒక్క మాటైనా చెప్పాలి కదా, అదీ చెప్పేవారు కాదు. ఒకరోజు టైముకి చేరాల్సిన పని ఉండి గబగబా బయల్దేరాను. కాస్త దూరం పోయేసరికి రోడ్డు మధ్యలో బండి రెండుసార్లు గుర్రుమని ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు. హెల్మెట్ కూడా తీయకుండా బండిని పక్కకు తోసుకుంటూ ఫోన్ చేస్తే, "అరే, నిన్న పోయిద్దామనుకుని మర్చిపోయా. దగ్గర్లో బంకు ఉంటుంది చూడు" అని పెట్టేశారు.

సాయంత్రం ఆ మాట ఎత్తాను. ముందు "మర్చిపోయానని పొద్దున్నే చెప్పాగా" అన్నారు. తర్వాత "బయల్దేరేముందు నువ్వు చూసుకోవచ్చుగా" అన్నారు. ఆ తర్వాత మౌనం. టీవీ శబ్దం తప్ప ఇంట్లో మాట లేదు. కొన్నాళ్లు గడిచాక ఒక రాత్రి, లైటు తీసేశాక, గోడవైపు తిరిగి పడుకుని "ఆ బండి విషయం... సారీ" అన్నారు.

ఆ సారీలో అబద్ధం లేదు, నాకు తెలుసు. అయినా అది నాకు అందలేదు. ఎందుకంటే ఆ మధ్య రోజుల్లో ఆ గొడవను నేనొక్కదాన్నే మనసులో మళ్లీ మళ్లీ పడ్డాను. ఆయన తరఫు జవాబులు కూడా నేనే చెప్పుకున్నాను. చివరికి తీర్పు కూడా నేనే ఇచ్చేసుకున్నాను: ఈయనకు నేనంటే లెక్కలేదు. ఆయన నోరు తెరిచేసరికి పెట్రోలు సంగతి ఎప్పుడో వెనకబడిపోయింది. ఆయన పెట్రోలుకి సారీ చెబుతున్నారు, నేను ఆ మౌనానికి కుమిలిపోతున్నాను. మీ ఇంట్లో కూడా జరుగుతున్నది ఇదేనని మీరు రాసిన తీరు చూస్తే అనిపిస్తోంది.

అందుకే అలవాటునీ, తప్పు ఒప్పుకోవడాన్నీ ఒకే గొడవలో కలపకండి. ఈ రెండూ కదిలే వేగం వేరు.

అలవాటు మారడానికి నిజంగానే టైం పడుతుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం చేసి 2010లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. రోజూ చేసే ఒక చిన్న కొత్త పని, గుర్తుచేసుకోనక్కర్లేకుండా దానంతటదే జరిగే స్థాయికి రావడానికి ఎంతకాలం పడుతుందో చూశారు. మధ్యస్థంగా 66 రోజులు వచ్చింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. కాబట్టి "రేపటి నుంచి చూడు" అనే మాటను నమ్మి కూర్చోకండి. ఎల్లుండి మళ్లీ టవలు మంచం మీద కనిపిస్తే ప్రేమ లేదనీ అనుకోకండి. అలవాటు దగ్గర ఉపన్యాసం కన్నా చిన్న ఏర్పాటు ఎక్కువ పనిచేస్తుంది. మేము బండి తాళానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెట్రోలు ఉంటే తాళం తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది. తక్కువుంటే మేకుకు తగిలించకూడదు, నా చేతికే ఇవ్వాలి. చేతికి ఇచ్చేటప్పుడు ఏదో ఒక మాట అనక తప్పదు. అంతే, ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది. మీ ఛార్జరుకైతే ఇంకోటి కొనేసుకోండి, దాని గురించి ఇంతకన్నా మాట్లాడటం దండగ.

తప్పు ఒప్పుకోవడానికి మాత్రం 66 రోజులు అక్కర్లేదు. మరి ఎందుకంత ఆలస్యం? చాలాకాలం నేను దీన్ని అహంకారం అనే అనుకున్నాను. కొంతమందిలో అహంకారమే కావచ్చు కూడా. కానీ కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీకి చెందిన కరీనా షూమన్, మైఖేల్ రాస్ 2010లో ప్రచురించిన పరిశోధన చదివాక నా ఆలోచన మారింది. ఆడవాళ్లు ఎక్కువసార్లు సారీ చెబుతారన్నది అందులోనూ కనిపించింది. అయితే ఇది తప్పే అని తమకు అనిపించిన సందర్భాల్లో మాత్రం మగవాళ్లు కూడా దాదాపు అంతే తరచుగా సారీ చెప్పారు. తేడా ఎక్కడుందంటే, ఏది సారీ చెప్పేంత తప్పు అన్న దగ్గర. మగవాళ్లకు ఆ గీత ఇంకాస్త పైన ఉంది. ఇది చదివాక "ఇంత చిన్న విషయానికా?" అన్న మాట నాకు వేరేగా వినిపించింది. ఆయన సారీ చెప్పనని మొండికేయడం లేదు, ఇది తప్పేనా అన్న లెక్క ఆయన లోపల ఇంకా తేలలేదు. ఆ లెక్క తేలడానికి రోజులు పడుతున్నాయి.

అది త్వరగా తేలాలంటే నాకు ఏం జరిగిందో ఆయనకు కళ్లకు కట్టాలి. "మీకు బాధ్యత లేదు" అంటే అది ఆయన మీద తీర్పు. తీర్పు వినగానే ఎవరైనా తనను తాను కాపాడుకోవడం మొదలెడతారు. "రోడ్డు మధ్యలో ఆగిపోయాను. వెనక లారీ హారన్ కొడుతుంటే చేతులు వణికాయి. వెళ్లేసరికి పని చేజారిపోయింది" అంటే దానికి వాదన ఉండదు. వాషింగ్టన్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి దంపతుల మీద పరిశోధన చేసిన జాన్ గాట్మన్ కూడా ఫిర్యాదు వేరు, మనిషి గుణాన్ని తప్పుపట్టడం వేరు అంటారు. ఆయన చెప్పిన ఇంకో సంగతి మాకు బాగా పనికొచ్చింది. గొడవ ముదిరి గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటుంటే ఎదుటి మనిషి చెప్పేది సరిగ్గా బుర్రకెక్కదు. అప్పుడు కనీసం 20 నిమిషాలైనా విరామం తీసుకోవాలి, అదీ మనసులో ఆ గొడవనే నెమరేసుకోకుండా. అంటే మా ఆయన మౌనంలో మొదటి అరగంట నిజంగానే అవసరమైనది. దాన్ని రోజుల తరబడి సాగనివ్వడం దగ్గరే చిక్కొచ్చింది.

ఇంకో మాట. వెంటనే వచ్చే సారీ కూడా అన్నిసార్లూ మందు కాదు. "సారీ సారీ, ఇక వదిలెయ్" అనేవాళ్లను మీరూ చూసే ఉంటారు. అది ఎదుటివాళ్ల నోరు మూయించడానికి పనికొస్తుంది. 2005లో ఫ్రాంజ్, బెన్నిగ్సన్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు దీన్నే పరీక్షించి చూశారు. బాధపడ్డ మనిషి తన బాధ చెప్పుకుని, ఎదుటివాళ్లకు అది అర్థమైందని అనిపించాక వచ్చిన క్షమాపణే ఎక్కువ ఊరటనిచ్చింది. కాబట్టి మీవారి సారీ మూడో రోజు రావడం ఒక్కటే లోపం కాదు. ఆ మూడు రోజుల్లో మీ మాట ఒక్కసారైనా ఆయన విన్నారా అన్నదే అసలు ప్రశ్న.

మేము చేసింది చాలా మామూలు ఏర్పాటు. గొడవ లేని ఒక రోజు, ఇద్దరం తీరిగ్గా ఉన్నప్పుడు నేనే అడిగాను. "మీరు సారీ ఎప్పుడైనా చెప్పండి, తొందరేం లేదు. కానీ ఆ రాత్రి పడుకునేలోపు, నా మాట మీకు చేరిందని మాత్రం చెప్పండి. అది తెలియక నేను పిచ్చిదాన్నవుతున్నాను." ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "ఒక తప్పు ఒప్పుకుంటే నువ్వు పాతవన్నీ బయటికి తీస్తావేమోనని భయం. అందుకే నీ కోపం తగ్గేదాకా ఆగుతాను" అన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట నాకు తట్టనే లేదు. నేను మౌనం చూసి ఇంకా రగిలిపోతుంటే, ఆయన నేను చల్లబడటం కోసం మౌనంగా ఉంటున్నారు! ఒకరి మందు ఇంకొకరికి విషమవుతోందన్నమాట. సరే, ఏ రోజు గొడవ ఆ రోజుదే, పాతవి ఎత్తనని నేను మాటిచ్చాను. రాత్రిలోపు ఒక్క మాట చెబుతానని ఆయన ఒప్పుకున్నారు.

ఆ ఒక్క మాట ఎలా ఉంటుందంటే: "నా వల్ల నీకు ఇబ్బంది అయింది, అర్థమైంది. ఇప్పుడు మాట్లాడలేను, రేపు సాయంత్రం మాట్లాడతా." ఇందులో రెండు విషయాలు తప్పనిసరి. ఒకటి, ఎప్పుడు మాట్లాడతారో చెప్పాలి. రెండు, టైం అడిగినవాళ్లే ఆ టైముకి వచ్చి మాట మొదలెట్టాలి. ఆ రెండోది లేకపోతే "రేపు" అన్నది ఎప్పటికీ రాదు, మళ్లీ అడుక్కునే పని మీ మీదే పడుతుంది. మొదట్లో ఆయన దీన్ని అప్పజెప్పినట్టు అనేవారు. నేను పట్టించుకోలేదు. అప్పజెప్పినా సరే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది.

ఇక సారీలో ఏముండాలన్నది. రాయ్ లెవికీ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో క్షమాపణను ఆరు భాగాలుగా విడదీసి, ఏది ఎంత పనిచేస్తుందో చూశారు. అన్నిటికన్నా బలమైనది "తప్పు నాదే" అని బాధ్యత తీసుకోవడం. దాని తర్వాత, జరిగినదాన్ని సరిదిద్దుతానని ముందుకు రావడం. అన్నిటికన్నా తక్కువ పనిచేసింది "నన్ను క్షమించు" అని అడగడం. మా ఇంటి లెక్కలో చెప్పాలంటే, "పెట్రోలు లేదని తెలిసీ నీకు చెప్పలేదు, తప్పు నాదే. ఇప్పుడే వెళ్లి పోయించుకొచ్చా" అన్న మాట వంద సారీల పెట్టు. బతిమాలుకోవడం ఆయనకు చేతకాదు, నాకూ అది అక్కర్లేదు. "నువ్వు బాధపడి ఉంటే సారీ" అనేది మాత్రం నేను ఒప్పుకోను. బాధపడ్డానని చెప్పాక ఇంకా "ఉంటే" ఏమిటి?

సర్దుకుపొమ్మని సలహా ఇచ్చేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. వాళ్లు చెప్పేది సగం నిజం. భార్యాభర్తల గొడవల్లో సుమారు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరనివేనని గాట్మన్ లెక్క. మా ఆయన కళ్లజోడు, పర్సు ఇప్పటికీ ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి, ఉండనీయండి. కానీ మనిషి అలవాటుకు సర్దుకుపోవడం వేరు, నా బాధకు జవాబే రాకపోవడానికి సర్దుకుపోవడం వేరు. మొదటిది చేస్తూ కాపురం హాయిగా సాగుతుంది. రెండోది చేస్తూ పోతే ఒకరోజు మీకు అడగాలని కూడా అనిపించదు. అది గొడవకన్నా ప్రమాదం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మీరు కాళ్లావేళ్లా పడేదాకా మాట్లాడకపోవడం, మౌనంతో మిమ్మల్ని దారికి తేవాలని చూడటం, నలుగురిలో మిమ్మల్ని చులకన చేయడం, ఆయన కోపానికి మీరు భయపడుతూ బతకడం లాంటివి ఉంటే నేను చెప్పిందేదీ పనికిరాదు. అది మతిమరుపూ కాదు, నిదానమూ కాదు. అప్పుడు మీరు నమ్మే మనిషికి, వీలైతే కౌన్సిలర్‌కు చెప్పుకోండి. మీరు రాసినదాన్నిబట్టి అలా అనిపించలేదు గానీ, ఇంట్లో ఉన్నది మీరు, తెలిసేది మీకే.

ఇప్పుడు ఆలస్యంగా వచ్చే సారీ సంగతి. మనసు ఒప్పకపోతే "పర్లేదు" అనకండి. అలా అంటే ఆయన లెక్క అక్కడితో మూసుకుపోతుంది, మీది మూసుకోదు. అలాగని "ఇప్పుడా చెప్పేది?" అని తిప్పికొట్టకండి, ఆలస్యంగానైనా తెరిచిన నోరు అది. "చెప్పినందుకు సంతోషం. కానీ టవలు కన్నా ఈ మూడు రోజులు మీరు మాట్లాడకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. రేపు దాని గురించి ఒక పది నిమిషాలు మాట్లాడుకుందాం" అనండి. మరుసటి రోజు ఫోన్లు పక్కన పెట్టి, ఇకమీదట గొడవ జరిగిన రాత్రిలోపే ఆ ఒక్క మాట చెప్పమని అడగండి. ఆ పూటకు అదొక్కటే అడగండి, ఇంకేదీ కలపకండి. "మళ్లీ మొదలెట్టావా" అంటే అక్కడికి ఆపేసి, ఇంకో రోజు అదే మాట అంతే నెమ్మదిగా మళ్లీ చెప్పండి. మా ఆయన కూడా మొదటి గొడవకే మారిపోలేదు. మధ్యలో కొన్ని రాత్రులు ఆ మాట రానే రాలేదు, మరుసటి రోజు నేను మళ్లీ అడిగాను.