సభవాళ్లు ఒప్పుకున్నా కచేరీ వీడియోకి స్ట్రైక్ ఎందుకు పడిందంటే

సభ కార్యదర్శిగారు ఒప్పుకున్నాకే ఒక గాయని కచేరీ తీసి యూట్యూబ్‌లో పెట్టారట; ఆవిడ ఫిర్యాదుతో కాపీరైట్ స్ట్రైక్ (హక్కులు ఉల్లంఘించారని యూట్యూబ్ ఛానెల్‌పై వేసే శిక్ష) పడిందని అడిగారు. త్యాగరాజ కృతికి కాపీరైట్ లేదన్నారు, నిజమే. స్ట్రైక్ కృతికి కాదండి, ఆవిడ ఆ రోజు పాడినదానికి. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు కళాకారులది, 50 ఏళ్లు ఉంటుంది. కార్యదర్శిగారి మాట హాల్లో కెమెరా పెట్టుకోవడం వరకే.

1. డిలీట్ చేసినంత మాత్రాన స్ట్రైక్ పోదు. గాయనిగారికి క్షమాపణతో మెయిల్ రాసి, యూట్యూబ్‌లో ఫిర్యాదు వెనక్కి తీసుకోమనండి.

2. వినకపోతే కాపీరైట్ స్కూల్ (యూట్యూబ్ పెట్టే చిన్న ఆన్‌లైన్ పాఠం) పూర్తిచేసి 90 రోజులు ఆగాలి. ఈలోగా ఇంకేమీ ఎక్కించకండి, మూడు పడితే ఛానెలే పోతుంది.

3. ఇకమీదట పక్కవాద్యాలవాళ్లనూ అడగండి. అందరూ మరిచేది ఇదే. మీ వీడియోలో తనియావర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొత్తం ఉందన్నారు, అది మృదంగ విద్వాంసుడి సొత్తు కదా! వయొలిన్‌, మృదంగం, ఘటం వాయించేవాళ్లను ఎవరికి వారినే అడగాలి, కచేరీకి ముందే, వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా: "యూట్యూబ్‌లో పెట్టొచ్చా? మొత్తమా, ఒక్క కృతేనా?" కచేరీ అయ్యాక జనం మధ్య తలూపితే లెక్క కాదు. కొందరు ముందు విని చెబుతామంటారు, గొంతు సహకరించని రోజులుంటాయి మరి.

సొంతానికి వినడానికైతే 39వ సెక్షన్ మినహాయింపు ఉంది. కెమెరా స్టాండు మాత్రం చివరి వరుస వెనక పెట్టండి.