కోసేసిన ముక్కలో ఏముంది?

(ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నది ఒక దినపత్రిక జిల్లా డెస్కులో చాలాకాలం సబ్ ఎడిటర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. ఈ వారం పేపర్లు, టీవీ, ఫోను, రేడియో గురించి వచ్చిన ప్రశ్నలు.)

నెల్లూరు సారా ఉద్యమం గురించి మా ఇంట్లో వాదన. పేపర్లే సారాను ఆపించాయని మావారు, కాదు, మా ఆడవాళ్లే ఆపారని అత్తగారు. ఎవరిది కరెక్టు?
— ఒక గృహిణి, కావలి

అత్తగారిదే అమ్మా. మీవారికి సగం మార్కులు వేద్దాం.

ముందు జరిగింది చూడండి. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమం వాళ్లు రాత్రిబడి పెట్టారు. అక్కడ చదివించిన పాఠాల్లో సారా మీద రాసిన సీతమ్మ కథ ఒకటి. కథ పూర్తయ్యాక ఆడవాళ్లు పుస్తకం మూసి ఇంటికి పోలేదు, మాట్లాడుకున్నారు. మొగుడి కూలి డబ్బు ఎక్కడికి పోతోంది? సారా ప్యాకెట్టుకి. ఆ ప్యాకెట్టు కూడా దొంగచాటు సరుకు కాదు, 'వారుణి వాహిని' అని పేరు పెట్టి సర్కారే ఊరూరా అందించిన సరుకు. అలా 1991లో దూబగుంట రోశమ్మ, ఆవిడతోటి ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా దుకాణం లేకుండా చేశారు. అక్షరాస్యత వాళ్లు తర్వాతి వాచకంలో ఈ ఊరి సంగతే పాఠంగా పెట్టారు. దాంతో జిల్లాలో మిగతా ఊళ్లకు పాకింది. 1992 నాటికి నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ఇంతవరకూ మా పత్రికల వాళ్ల గొప్పేమీ లేదు.

మీవారి సగం మార్కులు ఇక్కడ మొదలవుతాయి. 1989లో ఈనాడు జిల్లాకో ఎడిషన్ పెట్టింది. అంతకుముందు పల్లెటూరి వార్త పేపర్లోకి రావాలంటే బస్సు బోల్తా పడాలి, లేదా మంత్రి రావాలి. జిల్లా పేజీలు వచ్చాక రోజూ వాటిని నింపాలి కదా, మండలానికో విలేకరి కావాల్సి వచ్చాడు. అతనికి జీతం ఉండదు, లైన్ అకౌంటే. ఎన్ని లైన్లు అచ్చయితే అంత డబ్బు. రాసింది కవర్లో పెట్టి, సాయంత్రం ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చి, "డెస్కులో ఇచ్చెయ్యన్నా" అనేవాడు. బస్సు లేటైతే ఆ ఊరి వార్త మర్నాటికి వాయిదా. ఇలా వచ్చిన కవర్లలోంచే సారా వార్తలు వచ్చాయి. ఫలానా ఊళ్లో ఆడవాళ్లు ప్యాకెట్లు తగలబెట్టారని పొద్దున్నే టీ కొట్టులో ఎవరో పైకి చదివితే, పక్క మండలంలో ఆడవాళ్లకు "మనమేం తక్కువ తిన్నామా" అనిపించేది. ఈనాడు అయితే ఈ పోరాటానికి రోజూ ఒక పేజీయే ఇచ్చింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్.

మిగతా సగం ఎందుకు కోశానంటే, తర్వాతి కథ మీవారు చెప్పి ఉండరు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలిపోయింది. అప్పుడు పత్రికల్లో పాత ఊపులో సగం కూడా నాకు కనిపించలేదు. ఉద్యమం చల్లబడింది కాబట్టి వార్తలు తగ్గాయంటారు. నన్నడిగితే ముందు చల్లబడింది పేజీలే. పేపరు ఒక సంగతిని నెత్తికెత్తుకోవడం అందరికీ కనబడుతుంది, ఎప్పుడు దించేసిందో ఎవరూ గమనించరు. ఉద్యోగం పొడుగునా నేను చేసింది కత్తిరించే పనే. అందుకే ఇప్పటికీ పేపరు చేతికొస్తే నిన్నటిదాకా ఉండి ఇవాళ లేనిదేమిటా అని చూస్తాను. పెన్షన్ వచ్చినా ఈ జబ్బు పోలేదు.

మా నాన్న రిటైర్డ్ టీచర్. ఫ్యామిలీ గ్రూపులో రోజూ భయపెట్టే వీడియోలు పెడతారు. అబద్ధమని చెబితే "నాకే పాఠాలు చెబుతున్నావా" అని అలుగుతారు. ఏం చేయాలి?
— పేరు రాయలేదు, హనుమకొండ

ముందు గ్రూపులో చెప్పడం మానేయండి. అల్లుడూ, కోడలూ చూస్తుండగా ఏ మాస్టారు తప్పు ఒప్పుకుంటారు? విడిగా ఫోన్ చేయండి.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని మన ఊళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో ఆయనకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియో ఒకటి ఉంది. బైకు మీద ఇద్దరు వస్తారు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుని పోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. అసలు ఫిల్ములో వాళ్లే వెనక్కి వచ్చి పిల్లాణ్ణి దించేసి, పిల్లలు జాగ్రత్త అని రాసిన బోర్డు చూపిస్తారు. ఎవడో ఆ చివరి కొన్ని సెకన్లు కోసేశాడు. వీడియోలో కొత్తగా ఒక్క అబద్ధం చేర్చలేదు చూడండి, కోత ఒక్కటే సరిపోయింది. అలాంటి పుకార్ల వేడిలోనే ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు.

అదే సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి ఏం చేశారో కూడా చెప్పండి. కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వీడియోలు ఎలా తయారవుతాయో జనానికి ఎదురుగా కూర్చుని చెప్పించారు. ఫోన్లో వచ్చిన భయానికి ఫోన్లోనే ఇంకో మెసేజ్ పెట్టి ఊరుకోలేదు. తెలిసిన మనిషి ఇంటికొచ్చి చెబితే వినే తీరు వేరు.

వాట్సాప్ ఆ ఏడాది జులైలో మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వార్డ్ అని హద్దు పెట్టింది. చాలా చేతులు మారి వచ్చిన మెసేజ్ మీద ఇప్పుడు జంట బాణాల గుర్తు ఉంటుంది. నాన్నగారికి ఆ గుర్తు చూపించి, "దీనికి ముందూ వెనకా ఏముందో మీరే కనిపెట్టండి నాన్నా" అని ఆయనకే అప్పజెప్పండి. పిల్లల కాపీలు పట్టుకున్న మనిషి, ఫోర్జరీ పట్టుకోలేరా! నాలుగు రోజుల్లో మీ మామయ్య వీడియోలు కూడా దిద్దడం మొదలుపెడతారు. అప్పుడు మీ మామయ్య నాకు ఉత్తరం రాస్తారు, అది వేరే సంగతి.

టీవీ డిబేట్లు చూస్తూ మా ఆయన బీపీ పెంచుకుంటున్నారు. అంతలా ఎందుకు అరుస్తారండీ వాళ్లు?
— ఒక పాఠకురాలు, తణుకు

చవక కాబట్టి. విలేకరిని, కెమెరామన్‌ని కారెక్కించి ఊళ్లోకి పంపాలంటే ఖర్చు. నలుగుర్ని స్టూడియోలో కూర్చోబెడితే గంట గడిచిపోతుంది. పైగా గురువారం రేటింగులు వస్తాయి, న్యూస్ రూమ్‌లో అందరి బీపీ ఆ రోజే తెలుస్తుంది. మీ ఆయన్ని సౌండు తీసేసి చూడమనండి, ఎవరు ఎవర్ని మాట్లాడనివ్వడం లేదో బాగా కనిపిస్తుంది. మాత్ర మాత్రం మానొద్దని చెప్పండి.

జర్నలిజం చదువుతున్నాను. 'ప్రజల చేతిలో మీడియా' మీద ప్రాజెక్టు. యూట్యూబ్ ఛానళ్లు తప్ప ఇంకేమైనా ఉన్నాయా?
— ఒక విద్యార్థిని, సంగారెడ్డి

మీ జిల్లాలోనే పెట్టుకుని నన్నడుగుతున్నావా తల్లీ! జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో దళిత మహిళలు నడిపే స్టేషన్. 2008 అక్టోబర్ 15న మొదలైంది. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పండుగ పాటలు, పిల్లల ఆరోగ్యం, అన్నీ వాళ్ల యాసలోనే. పట్నం రేడియోలో వాళ్ల యాస ఎప్పుడైనా వినిపించిందంటే నవ్వించే పాత్రకే.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006 విధానంతో గానీ రాలేదు. అందులో ఒక మెలిక ఉంది, నీ ప్రాజెక్టుకు అసలు సరుకు అదే. ఇలాంటి ఊరి రేడియోకి, అంటే కమ్యూనిటీ రేడియోకి, సొంతంగా వార్తలు చెప్పే అనుమతి ఇవ్వలేదు. యూట్యూబ్‌లో ఎవరైనా మైకు పట్టుకుని వార్తలు చదవొచ్చు. ఊరి మధ్యలో ఉన్న ఆ రేడియో మాత్రం పక్క ఊళ్లో జరిగింది వార్తగా చెప్పకూడదు. ఆ ఆడవాళ్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఎలా మొదలుపెట్టారని అందరూ అడిగే ప్రశ్నే అడక్కు. వార్త అనకుండా ఊరి సంగతులు ఎలా చెబుతున్నారో అడుగు. రాసింది పంపితే చదువుతాను, కాకపోతే సగం కోసేస్తాను, ముందే చెబుతున్నా.